విశాఖ తీరపు తిమింగిల జాతులు: శ్వాసకోశ పరిజ్ఞాన చరిత్ర

1. ఉపోద్ఘాతం

తిమింగిలాలు, డాల్ఫిన్లు నీటిలోనే పుట్టి నీటిలోనే జీవించే క్షీరదాలు. వాటికి మొప్పలు లేవు. ఊపిరి కోసం అవి నీటిపైకి రాక తప్పదు. ఈ సంగతిని క్రీ.పూ. 4వ శతాబ్దంలోనే గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ గుర్తించాడు. అయితే లోతు నీటిలో ఆ ఊపిరితిత్తులు పనిచేసే తీరు తేటపడింది 20వ శతాబ్దంలో మాత్రమే. ఈ జాతులలో రెండింటికి శాస్త్రనామాలు విశాఖపట్నం తీరంలో దొరికిన నమూనాల ఆధారంగా ఏర్పడ్డాయి. పేరు ఏర్పడిన నాటికీ, ప్రాణం నిలిచే విధానం తెలిసిన నాటికీ నడుమ ఉన్న దూరాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. వాల్తేరు నమూనాలు

వాల్టర్ ఇలియట్ (1803–1887) 1845 నుంచి 1854 వరకు ఉత్తర సర్కారులకు కమిషనరు. అమరావతి శిల్పాలను తవ్వించి మద్రాసుకు తరలించినవాడుగా చరిత్రకారులకు, తెలుగు మొక్కల పేర్లను క్రోడీకరించిన ‘ఫ్లోరా ఆంధ్రికా’ (1859) కర్తగా వృక్షశాస్త్రజ్ఞులకు ఆయన పరిచితుడు. సముద్ర జంతువులపైనా ఆయనకు అదే ఆసక్తి ఉండేది. ఆయన సేకరించిన నమూనాలను లండనులో రిచర్డ్ ఓవెన్ పరిశీలించి 1866లో వర్ణించాడు. 1852లో విశాఖపట్నం రేవులో దొరికిన జంతువు నేటి ‘ఒర్కెల్లా బ్రెవిరోస్ట్రిస్’, అంటే ఇరావతీ డాల్ఫిన్. వాల్తేరులో దొరికినది ‘కోగియా సీమా’, అంటే మరుగుజ్జు స్పెర్మ్ తిమింగిలం.

మరొక డాల్ఫిన్‌కు ఓవెన్ ‘గదము’ అనే పేరే పెట్టాడు. అది స్థానిక జాలరుల మాట. రోమను లిపిలో ద, డ భేదం గాని, హ్రస్వ దీర్ఘ భేదం గాని నిలవదు. కనుక ఆ మాట అసలు ఉచ్చారణను తీరంలోని పలుకుబడితో పోల్చి నిర్ణయించవలసి ఉంది. ఆ జాతిని నేడు వేరొక పేరు కింద చేర్చినా, లాటిను వర్గీకరణలో ఒక తెలుగు మాట పర్యాయనామంగా మిగిలింది.

ఓవెన్ వర్ణనకు ప్రధానాధారాలు పుర్రెలు, బొమ్మలు. ఎండ తీవ్రంగా ఉండే తీరంలో మెత్తని అవయవాలు త్వరగా చెడిపోతాయి, ఎముక నిలుస్తుంది. అందువల్ల జాతిని గుర్తించడం సాధ్యమైంది గాని, శ్వాసకోశ పరిశీలనకు వేరే మార్గం కావలసి వచ్చింది.

3. శరీరనిర్మాణ పరిశీలనలు

ఆ మార్గం ఐరోపాలో అంతకు ముందే మొదలయింది. ఎడ్వర్డ్ టైసన్ 1680లో పోర్పస్ శరీరనిర్మాణంపై గ్రంథం ప్రకటించాడు. జాన్ హంటర్ 1787లో పలు తిమింగిల జాతుల అవయవాలను వర్ణించాడు. భారతదేశంలో, సామర్లకోటలో చాలాకాలం పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ 1801లో గంగా డాల్ఫిన్‌ను వర్ణించాడు. కలకత్తా ఇండియన్ మ్యూజియంకు చెందిన జాన్ ఆండర్సన్ 1870ల చివర గంగా డాల్ఫిన్, ఒర్కెల్లాల శరీరనిర్మాణాన్ని విపులంగా ప్రకటించాడు. విశాఖ రేవులో పుర్రెగా పరిచయమైన జాతి ఆ గ్రంథంలో పూర్తి దేహంతో కనిపిస్తుంది.

ఇటువంటి పరిశీలనల వల్ల కొన్ని విశేషాలు స్థిరపడ్డాయి. మనిషి ఊపిరితిత్తుల వలె వీటివి తమ్మెలుగా విడివడి ఉండవు. శ్వాసనాళం పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. మనిషిలో సన్నని శ్వాసనాళికలకు మృదులాస్థి ఉండదు. వీటిలో అది వాయుగోణుల దరిదాపుల వరకు వ్యాపించి ఉంటుంది. పళ్లున్న తిమింగిలాలలో స్వరపేటిక పైకి సాగి నాసికామార్గంలో అమరుతుంది. అందువల్ల ఆహారమార్గం, శ్వాసమార్గం వేరుగా ఉంటాయి.

4. మునక రహస్యం

నీటిలో ప్రతి 10 మీటర్లకు సుమారు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 100 మీటర్ల లోతున పీడనం 11 రెట్లు, గాలి ఘనపరిమాణం 11వ వంతు. ఆ ఒత్తిడికి గాలిలోని నత్రజని రక్తంలో కరుగుతుంది. పైకి వచ్చేటప్పుడు అది బుడగలు కడితే ప్రాణాపాయం. 1940లో నార్వే శాస్త్రజ్ఞుడు పెర్ షోలాండర్ దీనికి సమాధానం సూచించాడు. ఒత్తిడికి పక్కటెముకల గూడు లొంగుతుంది, ముందుగా వాయుగోణులు ముడుచుకొంటాయి, వాటిలోని గాలి బిరుసైన నాళాలలోకి చేరుతుంది. అక్కడ వాయుమార్పిడి జరగదు కనుక నత్రజని రక్తంలో చేరడం ఆగిపోతుంది. శరీరనిర్మాణజ్ఞులు చూసిన మృదులాస్థికి ప్రయోజనం ఈ విధంగా తెలిసింది.

1969లో శామ్ రిడ్జ్‌వే బృందం, 300 మీటర్ల లోతు వరకు మునిగేలా శిక్షణ పొందిన డాల్ఫిన్‌పై పరిశీలనలు ప్రకటించింది. 1979 నాటి పరిశోధన, సుమారు 70 మీటర్ల దగ్గర ఊపిరితిత్తులు ముడుచుకొంటాయని అంచనా కట్టింది. మునకలో ప్రాణవాయువుకు ముఖ్యాశ్రయం ఊపిరితిత్తులు కావు. రక్తం, కండరాలలోని మయోగ్లోబిన్.

5. ముగింపు

పుర్రె జాతిని చెప్పింది, శవపరీక్ష నిర్మాణాన్ని చెప్పింది, బతికి ఉన్న జంతువు మాత్రమే పనితీరును చెప్పింది. ఈ క్రమంలో విశాఖ తీరం మొదటి మెట్టుకు ఆధారమైంది. గాలిని వదులుకొని లోతును జయించిన ఈ శ్వాసకోశానికి జాలరి వలలో మాత్రం రక్షణ లేదు. వలలో చిక్కి పైకి రాలేని డాల్ఫిన్ ఊపిరాడక చనిపోతుంది. ఇరావతీ డాల్ఫిన్ నేడు ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉంది. ఒడ్డుకు కొట్టుకువచ్చిన ప్రతి కళేబరాన్ని పూడ్చే ముందు శ్వాసకోశాన్ని పరీక్షించి, జాలరులు చెప్పే పేరును తెలుగు లిపిలోనే నమోదు చేస్తే, ఇలియట్ కాలంలో మిగిలిన రెండు లోపాలూ తీరుతాయి.