ముఖం చూపిస్తారా?

రాత్రి ఎనిమిది కావస్తోంది. ఉప్పుగూడ స్టేషన్లో ఆగిన ఎంఎంటీఎస్ కూత పెట్టి ఫలక్‌నుమా వైపు కదిలింది. మా కిటికీ రెక్క గడగడా వణికి ఊరుకుంది. ఆదివారం బోనాలు కదా, గుడి దగ్గర మైకుసెట్టు వాళ్లు మధ్యాహ్నం నుంచి అమ్మవారి పాటలు ఆపడం లేదు. వాన వెలిసింది. గల్లీ అంతా బురద వాసన, దాని మీద ఎవరింట్లోనో పోపులో మాడిన ఎండుమిర్చి ఘాటు.

చాప మీద ముగ్గురం కూర్చున్నాం. గోడకానుకుని అమ్మ. కంటిలో శుక్లాలు తీసి పది రోజులైంది, నల్లద్దాలు పెట్టుకుంది. బొమ్మ చూడను, వింటానంది. నా పక్కన పక్కింటి అక్క. ముప్పై ఏళ్ల కింద రాయచూరు నుంచి కోడలిగా ఈ గల్లీకి వచ్చింది. ఇప్పటికీ కోపమొస్తే కన్నడంలోనే తిడుతుంది. వాళ్లబ్బాయి తన ఫోన్‌ని మా టీవీకి కలుపుతున్నాడు. మేం చూడబోయేది ‘బెళదింగళ బాలె’. 1995లో సునీల్ కుమార్ దేశాయి కన్నడంలో తీసిన సినిమా. కథ మాత్రం మనదే. యండమూరి వీరేంద్రనాథ్ ‘వెన్నెల్లో ఆడపిల్ల’.

నా ఒళ్లో ఆ నవల ఉంది. అట్ట ఊడితే ఖాకీ కాగితం వేసి దారంతో కుట్టాను. లోపల అద్దె పుస్తకాల షాపు ముద్ర, దాని కింద చేత్తో రాసిన నంబరు. రోజుకు అర్ధ రూపాయి ఇచ్చి ఎన్నిసార్లు తెచ్చుకున్నానో లెక్క లేదు. చివరికి షాపు ఎత్తేస్తుంటే పోయి కొనుక్కున్నాను. లోపలి అట్ట మీద తెల్ల కాగితం ముక్క ఒకటి అతికించి ఉంటుంది. అది నేను పదిహేడేళ్లప్పుడు మైదా ఉడికించి అతికించింది. దాని సంగతి తర్వాత చెప్తాను.

నవల చదివినవాళ్లకు ఈ భయం చెప్పక్కర్లేదు. రేవంత్ చదరంగం గ్రాండ్‌మాస్టర్. అతనికి ఎవరో అమ్మాయి ఫోన్ చేస్తుంది. తెలివైన గొంతు, అల్లరి గొంతు. తనెవరో చెప్పదు, నంబరు నువ్వే కనుక్కో అని పందెం వేస్తుంది. రమ్య అంటే అంతే, ఒక గొంతు. అతను ఆమెను చూడలేదు, మనమూ చూడలేదు. ఆ చూడకపోవడమే నవలకు ప్రాణం. మరి సినిమా అంటే చూపించడం కదా! పోస్టరు మీద హీరోయిన్ లేకుండా ఎవరు తీస్తారు?

“అక్కా, ఒక్క ముక్క చెప్పు. ముఖం చూపిస్తరా?”

“చెప్తే ఇంకేం చూస్తవ్? గమ్మున కూసో.”

అక్క ఈ సినిమా పెళ్లయిన కొత్తలో పుట్టింటికి పోయినప్పుడు చూసిందట. అంతకుముందే నవల కన్నడంలో చదివేసింది. యండమూరి నవలలు కన్నడంలోకి పోయి అక్కడి ఇళ్లలో కూడా ఇలాగే చేతులు మారాయి. ‘తులసిదళం’ కూడా అక్కడ సినిమా అయింది. అంటే మేమిద్దరం ఒకే పుస్తకాన్ని రెండు భాషల్లో చదివి, గోడకు అటొకరం ఇటొకరం ఇన్నేళ్లు బతికాం. మొన్న బియ్యం ఏరుతూ మాటల్లో రేవంత్ పేరొస్తేగానీ ఆ సంగతి తెలియలేదు. ఇద్దరం చాటలు పక్కన పెట్టేశాం.

మొదలైంది. అనంత్ నాగ్. నా రేవంత్ ఈయన కాదు, నావాడు కొంచెం సన్నం. అయినా ఆయన కళ్లలో ఒక ఆలోచన ఉంది, సర్దుకుంటాను. ఫోన్ మోగింది. మైకుసెట్టు రొదలో గొంతు వినపడక అక్క లేచి కిటికీ వేసింది. నేను టీవీకి మరింత దగ్గరగా జరిగాను.

గొంతు వినపడింది.

ఒక్క మాట కూడా అర్థం కాలేదు నాకు. కానీ ఆమే. ప్రశ్న అడిగి, జవాబు కోసం ఆగే ఆ కాస్త వ్యవధిలో నవ్వు ఆపుకుంటున్నట్టు తెలుస్తోంది. నవలలో రెండు మాటల మధ్య నేను విన్నది సరిగ్గా అదే. అక్క నా చెవి దగ్గర తెలుగు చేస్తోంది. “నన్ను కండుహిడి... అదే, కనుక్కో అంటుంది. అట్ల తొందరగ దొరకనంటుంది.” తెలుగు నవల కన్నడం అయి, రాయచూరు యాసలో మళ్లీ తెలుగై, ఉప్పుగూడ గల్లీలో నా చెవిన పడుతోంది. ఇన్ని చేతులు మారినా పిల్ల చెక్కుచెదరలేదు. భాష మారితే పుస్తకం పోతుందన్న భయం నాకు అక్కడితో పోయింది. ఆ మాటకొస్తే ‘మా భూమి’ మాత్రం? కృష్ణ చందర్ ఉర్దూలో రాసిన ‘జబ్ ఖేత్ జాగే’, తీసింది బెంగాలీ గౌతమ్ ఘోష్. అది మన సినిమా కాదని ఎవరైనా అనగలరా?

నా భయమంతా ముఖం మీదే. ప్రతి ఫోన్‌కూ గుండె గొంతులోకి వస్తోంది. కెమెరా ఇప్పుడు తిరుగుతుందా, ఈ సీన్లో తిరుగుతుందా?

కరెంటు పోయింది.

“అయ్యో!” ముగ్గురం ఒకేసారి. చీకట్లో మైకుసెట్టు కూడా నోరు మూసింది. దూరంగా ఇషా అజాన్ మాత్రం వినపడుతోంది. అది అయ్యేదాకా ఎవరం మాట్లాడలేదు.

“మా కాలంల రాజశేఖరం ఉండె,” అంది అమ్మ చీకట్లోంచి. యద్దనపూడి నవల ‘సెక్రటరీ’లో హీరో సంగతి. “హాస్టల్ల పన్నెండు మందిమి చదివినం. పన్నెండు మంది రాజశేఖరాలు. ఒకామె వాళ్ల బావ లెక్క ఉంటడనేది, ఒకామె లెక్చరర్ లెక్క అనేది. డెబ్బై ఆరుల సినిమా వచ్చింది. నాగేశ్వరరావు, వాణిశ్రీ. మంచిగ చేసిన్రు. ఆయనది తప్పేం లేదు బిడ్డా. గని హాల్లకెళ్లి బయటికొచ్చేవరకు పన్నెండు మందికి ఒక్కడే మిగిలిండు. నావోని ముఖం యాదికి తెచ్చుకుందామంటే మళ్ల రాలే.”

అమ్మ ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు.

మా తాతయ్యది ఇంకో కథ. 1960లో ‘చివరకు మిగిలేది’ వచ్చిందంటే బుచ్చిబాబు నవలే అనుకుని, అందులోని దయానిధిని చూద్దామని ఊరినుంచి బస్సెక్కి వెళ్లాడట. తీరా అది బెంగాలీ సినిమా ‘దీప్ జ్వేలే జాయ్’ ఆధారంగా తీసింది. పేరొక్కటే ఒకటి. ఆయన మాత్రం సావిత్రి నటన చూసి కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు. దయానిధి తనతోనే క్షేమంగా ఉండిపోయాడని జీవితాంతం సంతోషపడ్డాడు. నాకు ఆ సంతోషం బాగా అర్థమవుతుంది.

అలాగని ముఖం ఇవ్వడం ఎప్పుడూ నష్టమే అనను. శ్రీరమణ ‘మిథునం’ తనికెళ్ల భరణి తీస్తున్నారని విన్నప్పుడు నాకు నిద్ర పట్టలేదు. బాలసుబ్రహ్మణ్యం గొంతు పుట్టినప్పటి నుంచి వింటున్నాం, ఆయన్ని అప్పదాసుగా ఎలా నమ్మడం? 2012లో చూశాను. తెర మీద ఆయనా లక్ష్మీ తప్ప మూడో మనిషి లేరు. పెరట్లో ఆయన తిరుగుతుంటే కాసేపటికి పాటగాణ్ణి మర్చిపోయాను. ఇప్పుడు ఆ కథ చదివితే అప్పదాసుకు ఆయన బొజ్జే వస్తుంది, రానీ. ఎందుకంటే శ్రీరమణ ఆ ఇంటి తలుపులు బార్లా తెరిచి పెట్టాడు, రండి చూడండి అన్నాడు. యండమూరి ఈ తలుపు మూశాడు. తెరిచిన దాన్ని చూపించాలి, మూసిన దాని గడియ తీయకూడదు. ఏ పుస్తకాన్ని సినిమా తీసేవాళ్లనైనా నేను కోరేది ఇదే. కథ తగ్గించండి, పెంచండి, పాటలు పెట్టుకోండి. రాసినవాడు ఏం దాచాడో, ఎందుకు దాచాడో మాత్రం ముందు తెలుసుకోండి.

కరెంటొచ్చింది. మైకుసెట్టు ఒక్కసారిగా అరిచి మళ్లీ అందుకుంది. పిల్లాడు ఫోన్ మీద వేలు పెట్టి, ఆగిన చోటు పట్టుకున్నాడు.

ఇక అక్క తెలుగు చేయడం తగ్గిపోయింది. ఏడుపులో ఉంది. నాకూ అవసరం లేదు, తర్వాతి పేజీ ఏమిటో తెలుసు. నవల మీద చెయ్యి వేసి కూర్చున్నాను. దగ్గర పడింది. ఇక ఇప్పుడు చూపిస్తారు, ఇప్పుడైనా చూపించి తీరాలి... పిడికిలి బిగిసింది.

చూపించలేదు.

మొదటినుంచి చివరిదాకా ఆ అమ్మాయి ముఖం సినిమాలో లేదు. టీవీ నల్లబడింది. గల్లీలో ఆటో ఒకటి బురదలో ఊగుతూ పోయింది.

“చూపించిన్రా?” అమ్మ.

“లేదమ్మా.”

నల్లద్దాల కింద ఆమె పెదవులు కదిలాయి. “మంచిగైంది,” అంది. చేతులు చాపి నా భుజం వెతుక్కుంది.

అక్క కొంగుతో ముఖం తుడుచుకుని నా ఒళ్లోంచి పుస్తకం తీసుకుంది. తెలుగు అక్షరాలు మెల్లగా కూడబలుక్కుంటుంది. ముద్ర చూసింది, నంబరు చూసింది. లోపలి అట్ట దగ్గర ఆగింది. అతికించిన కాగితం మూల కొంచెం లేచి ఉంది. గోరు పెట్టింది.

నేను చెయ్యి పట్టుకున్నాను.

“ఏముందిక్కడ?”

“ఎవరో నాకంటే ముందు చదివినోళ్లు బాల్‌పెన్నుతో రమ్య బొమ్మ గీసిండ్రక్కా. పెద్ద కండ్లు, జడ. అప్పుడు మూసేసిన.”

“మంచిగ లేదా?”

“మంచిగనే ఉంది. ఆ పిల్ల కాదు.”

అక్క లేచిన మూలను బొటనవేలితో గట్టిగా అదిమింది. పుస్తకం మూసి నా చేతికిచ్చింది.