ఉన్నది సరే, ఎందుకుంది?

కరోల్ బాగ్‌ను ఆనుకుని ఉన్న ఓల్డ్ రాజేంద్రనగర్‌కు సివిల్స్ కోచింగ్ కోసం మన తెలుగు విద్యార్థులు చాలామంది వస్తారు. గదులు పంచుకుని ఉంటారు. అలాంటి గదిలో ఒకరు కుక్కర్ కొన్నారనుకుందాం. రెండేళ్ల తర్వాత కుక్కర్ తీసుకుని వెళ్లిపోయారు. స్పేర్ గాస్కెట్ మాత్రం అలమరలో మిగిలిపోయింది. తర్వాత వచ్చినవాళ్లకు అదెందుకో తెలియదు. పారేద్దామంటే భయం, ఉంచుదామంటే చోటు దండగ. వస్తువును ఎంత తిప్పి చూసినా, అది ఎందుకు వచ్చిందో దాని మీద రాసి ఉండదు కదా!

లినక్స్‌కూ ఒకప్పుడు ఇదే చిక్కు వచ్చింది.

1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ డెబియన్ ప్రారంభించారు. 1994లో దానికి డిపికెజి అనే పనిముట్టు వచ్చింది. ఏ ప్యాకేజీ ఉంది, ఏ వెర్షను, ఏ ఫైళ్లు, అన్నీ అది రాసిపెట్టుకుంటుంది. ఒక ప్యాకేజీకి తోడుగా మరొకటి కావాలంటే ఆ సంగతి చెబుతుంది. అంతేగాని తానే వెళ్లి తీసుకురాదు.

1999 మార్చిలో డెబియన్ 2.1తో ఆప్ట్ వచ్చింది. ఒకటి అడిగితే దానికి కావలసిన పదింటినీ తానే తెస్తుంది. ఎంత హాయి! కానీ ఆ ఒక్కటీ తీసేస్తే పదీ మిగిలిపోయేవి. 'ఉంది' అని తెలుసు, 'ఎందుకుంది' అన్నది ఎక్కడా లేదు. డెబార్ఫన్ అనే పనిముట్టు, ఎవరూ ఆధారపడని లైబ్రరీలను వెతికి చూపించేది. కానీ అది ఊహే. మీరు సొంత ప్రోగ్రాం కోసం కోరి పెట్టుకున్న లైబ్రరీ కూడా దానికి అనాథలాగే కనిపిస్తుంది.

పరిష్కారం చాలా చిన్నది. తెచ్చేటప్పుడే ఒక గుర్తు పెట్టడం. ఆప్టిట్యూడ్ ఆ పని ముందు చేసింది. 2009 ఫిబ్రవరిలో వచ్చిన డెబియన్ 5.0 నాటికి ఆప్ట్-గెట్‌కు కూడా ఆ గుర్తు, దానితోపాటు ఆటోరిమూవ్ ఆదేశం వచ్చాయి. తోడుగా వచ్చినవాటి పక్కన 'ఆటో' అని రాస్తుంది. గుర్తు లేనిది మనం కోరిందే అనుకుంటుంది. అంటే, కారణం తెలియకపోతే తీసెయ్యకూడదు, అక్కర్లేదని రుజువు కావాలి. జెంటూ పద్ధతి దీనికి తలకిందులు. అక్కడ 'వరల్డ్' అనే ఫైల్లో కోరినవాటి పేర్లే ఉంటాయి. ఇక ఆర్చ్ లినక్స్ ప్యాక్‌మ్యాన్‌లోనూ, 2015లో ఫెడోరా 22తో యమ్ స్థానంలోకి వచ్చిన డిఎన్ఎఫ్‌లోనూ ఈ గుర్తు పేరే 'రీజన్'. హేతువు అన్నమాట!

ఇదంతా మనకెందుకంటారా? డెబియన్‌లో పోతన, వేమన ఫాంట్లు ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా అనే ప్యాకేజీలో ఉంటాయి. దాన్ని ఫాంట్స్-తెలు తెస్తుంది. దాన్నేమో, భారతీయ లిపులన్నిటికీ కలిపి ఉన్న ఫాంట్స్-ఇండిక్ తెస్తుంది. మీరు అడిగింది ఈ చివరిది ఒక్కటే, తెలుగు ఫాంట్లకు ఆటో గుర్తు పడింది అనుకుందాం. చోటు కోసం ఎప్పుడో ఫాంట్స్-ఇండిక్ తీసేసి, ఆటోరిమూవ్ అంటారు. జాబితా చూపించి సరేనా అని అడుగుతుంది. చదవకుండా సరే అంటే, మరే ప్యాకేజీకీ అవి అవసరం లేకపోతే తెలుగు ఫాంట్లు కూడా పోతాయి. రోజూ ఆ అక్షరాలతోనే ఉత్తరాలు రాసుకుంటున్నా సరే. ఎందుకంటే ఎలా వచ్చాయన్నదే కంప్యూటర్ రాసుకుంది. ఇప్పుడు ఎవరికి కావాలన్నది దానికెవరూ చెప్పలేదు.

చెప్పడం కష్టమేమీ కాదు. ఆప్ట్-మార్క్ మాన్యువల్ ఫాంట్స్-తెలు అంటే చాలు. లేదా ఉన్నదాన్నే పేరుపెట్టి మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యమన్నా గుర్తు మారుతుంది. ఆప్ట్-మార్క్ షోమాన్యువల్ అని అడిగితే, మీరు కోరినవిగా అది నమ్ముతున్నవన్నీ చూపిస్తుంది. ఏడాదికోసారైనా ఆ జాబితా చదవండి. ఇందులో నేను నిజంగా కోరినవెన్ని, కోరి కూడా ఇందులో లేనివెన్ని అని చూసుకోండి. వచ్చిన కారణం ఒకటి, ఉంచుకునే కారణం మరొకటి. మొదటిదాన్ని కంప్యూటర్ రాసుకుంటుంది. రెండోదాన్ని మనమే రాయాలి.