కెమిస్ట్రీ పీజీ చేస్తే ఫార్మా ఒక్కటే దారా? సర్కారు వ్యవసాయ ల్యాబుల్లో కొలువుల సంగతి

హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ముగించిన పిల్లల్ని తర్వాత ఏం చేస్తారని అడిగి చూడండి. జీడిమెట్ల, పాశమైలారం, జీనోమ్ వ్యాలీ అంటారు. అన్నీ ఫార్మా కంపెనీలే. మెహదీపట్నం దాటి కాస్త ముందుకు పోతే వచ్చే రాజేంద్రనగర్ పేరు ఎవరి నోటా రాదు. ఆ చుట్టుపక్కలే వరి పరిశోధన సంస్థ, నూనెగింజల సంస్థ, చిరుధాన్యాల సంస్థ, వ్యవసాయ విశ్వవిద్యాలయం, మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఉన్నాయి. పాతబస్తీకి దగ్గర్లో సంతోష్‌నగర్‌లో మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రీడా ఉంది. వీటన్నిటికీ ల్యాబులున్నాయి, వాటిలో కెమిస్ట్రీ పని ఉంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌ను కూడా చాలామంది వీటితో కలిపేస్తారు. అది సర్కారుది కాదు, అంతర్జాతీయ సంస్థ. అక్కడి నియామకాల పద్ధతి వేరు.

వ్యవసాయ సంస్థ అనగానే అగ్రికల్చర్ బీఎస్సీ వాళ్లకే అనుకోవడం మామూలే. కానీ మన దేశంలో సర్కారు వ్యవసాయ పరిశోధన మొదలైనప్పటి నుంచీ కెమిస్టు ఉన్నాడు. 1892లోనే జాన్ వాల్టర్ లెదర్ అనే రసాయన శాస్త్రవేత్తను అప్పటి ప్రభుత్వం వ్యవసాయ కెమిస్టుగా నియమించింది. 1905లో బీహార్‌లోని పూసాలో పరిశోధన సంస్థ పెట్టారు. 1934 భూకంపంలో అది దెబ్బతినడంతో 1936లో ఢిల్లీకి తరలించారు. ఇవాళ మనం ఐఏఆర్ఐ అంటున్నది దాన్నే. అందులో వ్యవసాయ రసాయనాల కోసం విడిగా ఒక విభాగం ఉంది. పొలంలో నీటిని పట్టి ఉంచే పూసా హైడ్రోజెల్ ఆ విభాగంలో తయారైందే.

అక్కడ కెమిస్టు చేసేదేమిటి? ఎక్కువగా మూడు రకాల పని. మొదటిది పురుగుమందు నాణ్యత. డబ్బా మీద క్లోర్‌పైరిఫాస్ 20 శాతం అని రాసి ఉంటే లోపల నిజంగా అంత ఉందా లేదా తేల్చాలి. 1968 నాటి పురుగుమందుల చట్టం కింద ఇన్‌స్పెక్టర్ దుకాణంలో తీసిన శాంపిల్‌ను మూడు భాగాలు చేస్తారు. ఒకటి దుకాణదారు దగ్గర ఉంటుంది, ఒకటి ల్యాబుకు పోతుంది, ఒకటి కోర్టు కోసం. ల్యాబ్ అనలిస్టు 30 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. ఒప్పుకోనివాళ్లు 28 రోజుల్లోగా అభ్యంతరం చెప్పొచ్చు. అప్పుడు శాంపిల్ ఫరీదాబాద్‌లోని కేంద్ర పురుగుమందుల ల్యాబుకు పోతుంది, అక్కడి మాటే ఆఖరు. అనలిస్టు సంతకం తప్పయితే నకిలీ మందు అమ్మినవాడు బయటపడతాడు, లేదా ఏ తప్పూ చేయని దుకాణదారు కోర్టు చుట్టూ తిరుగుతాడు. పంట పోగొట్టుకున్న రైతుకు కూడా ఆధారం ఆ కాగితమే.

రెండోది అవశేషాల పరీక్ష, అంటే కూరగాయల్లో, పండ్లలో, మిరపకాయల్లో మిగిలిపోయిన మందు ఎంతో కొలవడం. పద్ధతి వినడానికి తేలికగానే ఉంటుంది. టమాటాలు మెత్తగా నూరి 10 గ్రాములు తీసుకుని, 10 మిల్లీలీటర్ల ఎసిటోనైట్రైల్ పోసి, మెగ్నీషియం సల్ఫేట్, ఉప్పు వేసి ఒక నిమిషం గట్టిగా ఊపాలి. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పై ద్రవాన్ని శుభ్రం చేసి మెషీన్లో పెట్టాలి. దీని పేరు క్వెచర్స్. ఇది 2003లో బయటికొచ్చింది, అమెరికా వ్యవసాయ శాఖ ల్యాబులోని శాస్త్రవేత్తలకు ఇందులో ప్రధాన పాత్ర ఉంది. అంతకుముందు ఇదే పనికి చాలా ఎక్కువ సాల్వెంటు, చాలా ఎక్కువ సమయం ఖర్చయ్యేవి. అసలు కష్టం మెషీన్ దగ్గర మొదలవుతుంది. యూరప్‌లో విడిగా హద్దు పెట్టని మందుకు మామూలుగా అనుమతించేది కిలోకు 0.01 మిల్లీగ్రాము. అంటే పది కోట్ల భాగాల్లో ఒక భాగం. అంత కొంచెం కొలిచి, ఆ అంకె నిజమేనని నిలబడి చెప్పగలగాలి.

మెషీన్ ఎంత మంచిదైనా, వెతకమని చెప్పిన మందునే వెతుకుతుంది. 2010లో మన ద్రాక్ష యూరప్‌లో ఆగిపోయింది అందుకే. క్లోర్‌మెక్వాట్ అనే, తీగ ఎదుగుదలను అదుపు చేసే మందు అవశేషాలు బయటపడ్డాయి. మనవాళ్లు పరీక్షించే జాబితాలో అప్పటికి ఆ పేరే లేదు. రైతులు, ఎగుమతిదారులు పెద్ద దెబ్బ తిన్నారు. తర్వాత జాబితా మార్చారు. ఏ మందు వెతకాలో, ఎట్లా వెతకాలో ముందుగా ఆలోచించడమే ఇందులో పరిశోధన. మిగతాదంతా రోజువారీ శ్రమ.

ఈ పనిలో పొలం కూడా ఉంటుంది. మందు కొట్టిన రోజు, ఒకటో రోజు, మూడో రోజు, ఐదో రోజు ఇలా కాయలు కోసుకొచ్చి అవశేషం ఎంత తగ్గిందో చూస్తారు. డబ్బా మీద, మందు కొట్టాక కోతకు ఇన్ని రోజులు ఆగాలని రాసేది ఈ లెక్కల మీద ఆధారపడే. అవశేషాలపై అఖిల భారత ప్రాజెక్టు కేంద్రాల్లో ఒకటి రాజేంద్రనగర్‌లోనే ఉంది.

మూడోది పంట నాణ్యత, నేల రసాయనం. బియ్యంలో అమైలోజ్ ఎంత, ఆముదం నూనెలో రిసినోలిక్ ఆమ్లం ఎంత, గింజలో జింకు ఎంత అని చూడటం. రాజేంద్రనగర్ వరి సంస్థ నుంచి 2016లో విడుదలైన జింకు ఎక్కువున్న వరి డీఆర్ఆర్ ధాన్ 45 వెనుక ఇలాంటి కొలతలున్నాయి. ఈ విభాగంలో బయోకెమిస్ట్రీ, సాయిల్ సైన్స్ వాళ్లకే చోటు ఎక్కువ.

ఇక నౌకరీ. పర్మనెంట్ సైంటిస్టు కావాలంటే వ్యవసాయ శాస్త్రవేత్తల నియామక మండలి, అంటే ఏఎస్ఆర్‌బీ పెట్టే ఏఆర్ఎస్ పరీక్ష రాయాలి. ప్రిలిమ్స్‌లో తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోత. మెయిన్స్ 240 మార్కులు, రాతపూర్వకం. ఇంటర్వ్యూ 60 మార్కులు. నెగ్గితే లెవెల్ 10లో మూల వేతనం 57,700 రూపాయలు, డీఏ, ఇంటి అద్దె భత్యం అదనం. దేశంలో ఏ మూల పోస్టింగు వచ్చినా, ఫౌండేషన్ శిక్షణ మాత్రం రాజేంద్రనగర్‌లోని నార్మ్‌లోనే.

పిల్లలు దెబ్బతినేది చదువు దగ్గర కాదు, సర్టిఫికెట్ మీదున్న పేరు దగ్గర. ఏఆర్ఎస్‌లో కెమిస్ట్రీ అని విడిగా సబ్జెక్టు ఉండదు. అగ్రికల్చరల్ కెమికల్స్ అని ఉంటుంది. ఆ సబ్జెక్టుకు ఏయే పీజీలు చెల్లుతాయో నోటిఫికేషన్ పట్టికలో రాసి ఉంటుంది. అనలిటికల్, ఫిజికల్ వాళ్లు తమ స్పెషలైజేషన్ పేరు ఆ పట్టికతో అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. డిగ్రీలోనే ఈ దారి అనుకున్నవాళ్లు ఐకార్ పీజీ ప్రవేశ పరీక్ష ద్వారా అగ్రికల్చరల్ కెమికల్స్‌లోనే పీజీ చేస్తే ఈ చిక్కు రాదు. బీఎస్సీ కెమిస్ట్రీకి ఏ కాలేజీలో అవకాశం ఉందో ఆ ఏడాది ప్రకటనలో చూసుకోవాలి.

ఏఆర్ఎస్ పోస్టులు ఏటా ఇన్ని అని నమ్మకం లేదు. సంస్థల్లో పెద్ద మెషీన్లు చూసుకునే సీనియర్ టెక్నికల్ ఆఫీసర్ పోస్టులు కూడా ఏఎస్ఆర్‌బీ ద్వారానే వస్తాయి, వాటిని చాలామంది పట్టించుకోరు. కేంద్ర పురుగుమందుల ల్యాబులకు యూపీఎస్సీ అప్పుడప్పుడు కొద్ది పోస్టులు ప్రకటిస్తుంది. రాష్ట్ర వ్యవసాయ శాఖ ల్యాబుల విషయంలో మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. నిబంధనల ప్రకారం శిక్షణ ఉన్న కెమిస్ట్రీ గ్రాడ్యుయేట్ అనలిస్టు కావచ్చు. అయినా ఆ కుర్చీలో ఎక్కువగా కూర్చునేది వ్యవసాయ అధికారులే.

చాలామంది లోపలికి వెళ్లేది ప్రాజెక్టు ఉద్యోగంతోనే, జేఆర్ఎఫ్, ఎస్ఆర్ఎఫ్, యంగ్ ప్రొఫెషనల్ పేర్లతో. కేంద్రం 2023 నుంచి అమలు చేసిన రేట్ల ప్రకారం జేఆర్ఎఫ్‌కు నెలకు 37,000, ఎస్ఆర్ఎఫ్‌కు 42,000. ఇంటి అద్దె అదనం. ఫార్మాలో కొత్తగా చేరినవాడికి ఇంత ఇచ్చే చోట్లు తక్కువే. అందుకే పిల్లలు సంతోషంగా చేరతారు. కానీ ఆర్డర్ కాగితంలో రెగ్యులర్ చేయమని అడిగే హక్కు లేదని స్పష్టంగా రాసి ఉంటుంది. ప్రాజెక్టు అయిపోతే ఉద్యోగం అయిపోయినట్టే. పైగా ఎస్ఆర్ఎఫ్‌కు పురుషులకు 35, స్త్రీలకు 40 ఏళ్ల వయోపరిమితి ఉంది. రెండేళ్లు చేస్తే ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ మీద చేయి తిరుగుతుంది, దానికి బయట విలువ ఉంది. ఒక ప్రాజెక్టు నుంచి ఇంకో ప్రాజెక్టుకు మారుతూ ఐదారేళ్లు గడిపితే పరీక్ష వయసు దాటిపోతుంది. నా మాట అడిగితే, ఆ రెండేళ్లలో పీహెచ్‌డీలో పేరు నమోదు చేసుకోవాలి, లేదంటే ఏఆర్ఎస్ సిలబస్ ఒకసారైనా పూర్తి చేయాలి. రెండూ కాకపోతే బయటికి రావడం మేలు.

బయట అంటే ప్రైవేటు ఆహార పరీక్ష ల్యాబులు. ఎన్ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబులకు అవశేషాల పని తెలిసినవాళ్లు కావాలి. గుంటూరులో మిర్చి ఎగుమతుల పరీక్షల కోసం స్పైసెస్ బోర్డుకు సొంత ల్యాబు ఉంది. అక్కడ అఫ్లాటాక్సిన్, సూడాన్ రంగులు చూస్తారు. ట్రైనీ అనలిస్టుల కోసం బోర్డు అప్పుడప్పుడు ప్రకటనలిస్తుంది.

ఎమ్మెస్సీ చివరి సెమిస్టర్‌లో ఉన్నవాళ్లు ప్రాజెక్టు పని కోసం ఇప్పుడే ఉత్తరం రాయండి. సంస్థ డైరెక్టర్ పేరు మీద, కాలేజీ హెచ్‌ఓడీ సంతకంతో, ఒక్క పేజీ. ఏ విభాగంలో, ఎన్ని నెలలు, ఏ మెషీన్ మీద పని నేర్చుకోవాలనుకుంటున్నారో అందులో ఉండాలి. కొన్ని సంస్థలు ఫీజు తీసుకుంటాయి, ఎంతో ముందే అడగండి. ప్రాజెక్టు ఉద్యోగాల ప్రకటనలు చాలావరకు పత్రికల్లో రావు, సంస్థల వెబ్‌సైట్లలోనే పెడతారు, వాక్-ఇన్‌కు పది పదిహేను రోజులు కూడా ఉండదు. వెళ్లేటప్పుడు ఒరిజినల్స్‌తో పాటు కుల, ఆదాయ ధ్రువపత్రాలు కేంద్ర ప్రభుత్వ ఫార్మాట్లో ఉండాలి. రాష్ట్ర ఫార్మాట్లో తెచ్చిన ఓబీసీ సర్టిఫికెట్‌తో గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చినవాళ్లు ఉన్నారు.