ఉప ఎన్నిక, ప్రజాభిప్రాయ సేకరణ, పాట: తెలంగాణ ధూంధాం (2002–2010)

భారత రాజ్యాంగంలో జాతీయ స్థాయి ప్రజాభిప్రాయ సేకరణకు ఏర్పాటు లేదు. 1967లో గోవాలో, 1975లో సిక్కింలో జరిగినవి ప్రత్యేక సందర్భాలు. ఐదో షెడ్యూలు పరిధిలోని లంబసింగి వంటి మన్యం ఊళ్లలో గ్రామసభ అభిప్రాయానికి 1996 నాటి పీసా చట్టం కొంత విలువ కల్పించినా, అది ఊరి హద్దులకే పరిమితం. ఒక ప్రాంత ప్రజలు తమ రాష్ట్ర ప్రతిపత్తిపై ఔననో కాదనో నేరుగా చెప్పదలిస్తే అందుకు తగిన బ్యాలెట్ లేదు. తెలంగాణ ఉద్యమం ఈ లోటును రాజీనామాలతో పూరించింది. పదవిని వదులుకోవడం, ఉప ఎన్నికను రప్పించడం, దానినే రెఫరెండంగా ప్రకటించడం ఆ పద్ధతి. నాయకుల ప్రకటనను ఊరి ప్రశ్నగా మార్చిన వేదిక ధూంధాం. ఆ వేదికపై వినిపించిన ప్రశ్నకూ, పెట్టెలో పడిన ఓటుకూ గల సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

గోవాతో పోలిక ఇక్కడ ఉపకరిస్తుంది. 1967 జనవరి 16న అక్కడి ఓటరు ముందున్నవి రెండే గుర్తులు: మహారాష్ట్రలో విలీనానికి పువ్వు, కేంద్రపాలిత ప్రాంతంగా కొనసాగడానికి రెండాకులు. విలీనాన్ని వ్యతిరేకిస్తూ ఉల్హాస్ బుయాంవ్ వంటి గాయకులు కొంకణి పాటలతో ఊళ్లు తిరిగారు. 34,021 ఓట్ల తేడాతో రెండాకులు గెలిచాయి. పాట అడిగినదీ బ్యాలెట్ అడిగినదీ ఒకే ప్రశ్న. తెలంగాణ ఉప ఎన్నికల్లో బ్యాలెట్‌పై ఉన్నవి కారు, చేయి, సైకిలు మొదలైన పార్టీ గుర్తులు. రాష్ట్రం కావాలా అన్న ప్రశ్న వేదికపైనే ఉంది తప్ప బ్యాలెట్‌పై లేదు.

ధూంధాం 2002లో కామారెడ్డిలో మొదలైంది. రసమయి బాలకిషన్ దాని ప్రధాన నిర్వాహకుడిగా పేరుపొందారు. గోచి, గొంగడి, గజ్జెలు, డప్పు, పాటకు పాటకు మధ్య మాటల విరుపు, జనం అందుకునే కోరస్: ఈ స్వరూపం ఒక్కనాటిది కాదు. 1943 నాటి ప్రజానాట్యమండలి, 1970లలో పుట్టిన జననాట్యమండలి, ఆ తరువాత అరుణోదయ దాని పూర్వరంగం. 1999లో హత్యకు గురైన బెల్లి లలిత పాట అప్పటికే ప్రత్యేక రాష్ట్రాన్ని అడిగింది. ఒగ్గుకథ, బతుకమ్మ వరుసలు ఇందులో కలిశాయి. ఇక్కడొక వైచిత్రిని గమనించాలి. గద్దర్ గొంగడి, గజ్జెలు ఎన్నికలను బహిష్కరించిన రాజకీయానికి చెందినవి. ఆ వేషమే ఇప్పుడు ఓటు అడిగే సభకు జనాన్ని కూడగట్టింది. గద్దర్ మాత్రం తన జీవితంలో తొలిసారి ఓటు వేసినది 2018 డిసెంబరులోనే.

2006లో కె. చంద్రశేఖర్ రావు కేంద్ర మంత్రి పదవికీ, ఆపై కరీంనగర్ లోక్‌సభ స్థానానికీ రాజీనామా చేశారు. డిసెంబరు ఉప ఎన్నికలో రెండు లక్షలకు పైగా ఆధిక్యంతో తిరిగి గెలిచారు. ఒకే స్థానం, ఒకే అభ్యర్థి, ఒకే సవాలు. పాటలోని ప్రశ్న గుర్తు మీదికి సులువుగా బదిలీ అయింది.

2008 మే ఉప ఎన్నికల్లో ఆ బదిలీ జరగలేదు. రాజీనామా చేసిన నాలుగు లోక్‌సభ స్థానాల్లో రెండు, పదహారు శాసనసభ స్థానాల్లో ఏడు మాత్రమే తెలంగాణ రాష్ట్ర సమితికి దక్కాయి. కరీంనగర్ ఆధిక్యం పదిహేను వేల స్థాయికి పడిపోయింది. పాటలు ఆగలేదు, వేదికలూ తగ్గలేదు. దీనిని రాష్ట్ర వాదానికి ఎదురుదెబ్బగా చదివినవారున్నారు. ఆ పఠనం తొందరపాటని ఈ వ్యాసకర్త అభిప్రాయం. తెలంగాణ కాంగ్రెస్ నాయకులు కూడా రాష్ట్రం తమ అధిష్ఠానమే ఇస్తుందని చెప్పుకుంటున్న రోజులవి. ఇరుపక్షాలూ ఔనంటున్నప్పుడు ఓటరు తేల్చినది రాష్ట్ర ప్రశ్న కాదు, పార్టీ ప్రశ్న. ధూంధాంకు వచ్చిన జనాన్ని ఓట్లుగా లెక్కించడం ఎంత పొరపాటో, పడని ఓట్లను పాటకు తిరస్కారంగా లెక్కించడం అంతే పొరపాటు.

2009 డిసెంబరు 9 ప్రకటన, 23న వెనకడుగు, శ్రీకృష్ణ కమిటీ విధివిధానాలపై నిరసనగా 2010 ఫిబ్రవరి రాజీనామాలు: వీటితో పరిస్థితి మారింది. ఔనన్న మాటకు రాజీనామాయే రుజువైంది. రాజీనామా చేసినవాడు, చేయనివాడు అన్న విభజన గోవా బ్యాలెట్‌లోని రెండు గుర్తులంత స్పష్టమైంది. జూలైలో పన్నెండు స్థానాల్లో పదకొండు తెలంగాణ రాష్ట్ర సమితి, ఒకటి భారతీయ జనతా పార్టీ గెలుచుకున్నాయి. వేదిక అదే, డప్పు అదే. మారినది ప్రశ్నకు దొరికిన రూపం.

రాష్ట్రం ఏర్పడ్డాక తెలంగాణ సాంస్కృతిక సారథి నెలకొని, 550 మంది కళాకారులకు ఉద్యోగాలు లభించాయి. రసమయి దానికి అధ్యక్షులయ్యారు. దశాబ్దాలు పాడినవారికి జీతం దక్కడం చిన్న విషయం కాదు. అయితే ప్రభుత్వాన్ని ప్రశ్నించిన గొంతు ప్రభుత్వ పథకాల ప్రచారానికి మళ్లింది. పరిశోధకునికి దీనివల్ల ఒక ఆచరణాత్మక చిక్కు కూడా ఉంది. నేటి జ్ఞాపకం నాటి వేదికను నేటి కొలువు మీదుగా చెబుతుంది. పత్రికా వార్తల్లో నాయకుని ప్రసంగం వివరంగా ఉంటుంది. పాట ‘సాంస్కృతిక కార్యక్రమాలు అలరించాయి’ అన్న వాక్యంతో సరిపెట్టుకుంటుంది. క్యాసెట్లను, సీడీలను తేదీలవారీగా పోల్చడం, కోరస్ పాడినవారి, డప్పు కొట్టినవారి పేర్లతో సహా మౌఖిక కథనాలను నమోదు చేయడం ఇప్పుడే జరగాలి. గూడ అంజయ్య 2016లో, గద్దర్ 2023లో, అందెశ్రీ 2025లో మరణించారు.