గెటిస్‌బర్గులో దొరికిన తుపాకులు

అమెరికా అంతర్యుద్ధమున, 1863 జూలై 1 మొదలు 3 వరకు, పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గు వద్ద ఘోరమైన పోరు జరిగినది. పిమ్మట రణరంగమున ఏరిన తుపాకులను పరీక్షింపగా, సుమారు 24,000 తుపాకులలో మందుగుండు పేలక అట్లే యుండెను. వానిలో సగమింట రెండేసి మార్లు దట్టించిరి. 6,000 తుపాకులలో మూడు మొదలు పది మార్లు. ఒకదానిలో 23 మార్లు!

ఇవి మూతి నుండి మందు కూరెడి తుపాకులు. కాగితపు పొట్లమును పంటితో చింపి, మందును గొట్టములో పోసి, గుండును గజమను ఇనుప కడ్డీతో అడుగంట దింపి, వెనుక టోపీ తొడిగి పేల్చవలెను. ఈ పనిని కవాతులో తొమ్మిది విడతలుగా నేర్పెడివారు. టోపీ మరచినను, మందు తడిసినను తుపాకి పేలదు. వేల తుపాకుల మ్రోతలో తనది పేలలేదని సైనికుడెట్లెరుగును? భుజమునకు తగులు తన్ను ఒక్కటే గుర్తు. ప్రాణభీతిలో అదియు తోపదు. మరల మందు పోయును. అట్టి తుపాకి పేలినచో గొట్టమే పగిలి, పేల్చినవానినే చంపవచ్చును. చంపుటకు మనసొప్పక పేల్చనివారును కలరని కొందరందురు. 23 మార్లకు ఆ కారణము చాలదని నా తలంపు.

ఉపాయము సులభమే. ఖాళీ గొట్టములో గజమును దింపి, మూతికి సరిగా దానిపై గీత పెట్టవలెను. లోపల మందున్నచో ఆ గీత మూతికి పైన నిలుచును. నేడును ఇట్టి తుపాకులతో గురి అభ్యసించువారు కూరుటకు ముందు దీనినే చూతురు. పేలనిచో మూతిని గురివైపే యుంచి, ఒక నిమిషమైనను కదలక నిలుతురు.