ఒక నది – రెండు రాజ్యములు

టైగ్రిసు, యూఫ్రటీసు నదులు కలసి సముద్రమునకు సాగు ప్రవాహమును అరబ్బులు షత్ అల్ అరబ్ అందురు. ఇరానీయులు అర్వంద్ అందురు. పేరు విషయముననే కుదరని పొత్తు హద్దు విషయమున కుదురుట సులభము కాదు. 1937 నాటి ఒడంబడిక నదిలో అధికభాగమును ఇరాకునకు ఒసగెను. 1975లో అల్జీర్సు నగరమున ఉభయులును నౌకలు నడచు పాయ నడిమిరేఖను హద్దుగా అంగీకరించిరి. ప్రతిగా, ఇరాకుపై తిరుగబడిన కుర్దులకు ఇరాను తన సాయమును నిలిపివేసెను.

1979లో ఇరానులో షా ప్రభుత్వము కూలెను. ఖొమేనీ విప్లవము తన దేశమందలి షియాలను కదలించునేమో యని సద్దాం హుస్సేను భయపడెను. ఇరాను సైన్యము చెదరియున్నదని ఆశపడెను. 1980 సెప్టెంబరు 17న ఒడంబడికను త్రోసివేసి, 22న దండెత్తెను.

అగ్ని రగిల్చినది ఇరాకు; దానిని ఎనిమిదేండ్లు ఆరనీయనివారిలో పరులును కలరు. సోవియట్ యూనియను, ఫ్రాన్సు ఇరాకునకు ఆయుధములమ్మెను. సౌదీ అరేబియా, కువైటు ధనమిచ్చెను. చైనా ఉభయులకును అమ్మెను. అమెరికా ఇరాకునకు యుద్ధసమాచారమందించుచునే, 1985–86లో ఇరానునకు చాటుగా క్షిపణులు పంపెను. 1988 మార్చిలో హలబ్జా పట్టణమున కుర్దులపై ఇరాకు విషవాయువు ప్రయోగించినను ఆ తోడ్పాటు ఆగలేదు.

1988 ఆగస్టు 20న కాల్పులు నిలిచెను. లక్షలమంది మరణించిరి. 1990లో కువైటునాక్రమించిన సద్దాము, ఇరానును శాంతపరచుటకై, తాను త్రోసివేసిన 1975 నాటి హద్దునే మరల అంగీకరించెను. అంత రక్తపాతమును ఆ రేఖను అడుగైనను జరుపలేదు.