స్త్రీలలో హెచ్‌ఐవి, డిప్రెషన్: పరీక్ష, చికిత్సల చరిత్ర

హెచ్‌ఐవి ఉన్న స్త్రీలలో డిప్రెషన్ తరచుగా కనిపిస్తుంది. అది పరీక్షను వాయిదా వేయిస్తుంది, మందులు వేళకు వేసుకోనివ్వదు. ఈ సంగతి వైద్యులకు తలకెక్కడానికి చాలా ఏళ్లు పట్టింది.

అసలు మొదట్లో స్త్రీలే లెక్కలోకి రాలేదు. అమెరికాలో 1993 జనవరి దాకా ఎయిడ్స్ నిర్వచనంలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు చోటు లేదు. హెచ్‌ఐవితో పాటు ఆ క్యాన్సర్ ఉన్నా ఎయిడ్స్ కింద నమోదయ్యేది కాదు, దాని ఆధారంగా ఇచ్చే ప్రభుత్వ సాయం అందడమూ కష్టమయ్యేది. మహిళా కార్యకర్తలు ఏళ్ల తరబడి పోరాడాకే నిర్వచనం మారింది.

అదే ఏడాది బాల్టిమోర్, బ్రాంక్స్, డెట్రాయిట్, ప్రావిడెన్స్‌లలో ఒక దీర్ఘకాలిక అధ్యయనం మొదలైంది. ఆరు నెలలకోసారి వచ్చే స్త్రీలకు వైద్య పరీక్షలు చేయడంతో పాటు మనసు సంగతీ అడిగేవారు. గత వారం నిద్ర పట్టిందా? అన్నం సహించిందా? ఏడుపు ముంచుకొచ్చిందా? హెచ్‌ఐవి ఉన్న 765 మంది వివరాలతో 2001లో ఫలితాలు వెలువడ్డాయి. దిగులు వీడని స్త్రీలలో మరణాలు, అది అంతగా లేనివారికన్నా దాదాపు రెట్టింపు. జబ్బు ముదిరిన స్థాయిని, వాడే మందులను లెక్కలోకి తీసుకున్నా తేడా పోలేదు. డిప్రెషన్‌ను పక్కనపెట్టి హెచ్‌ఐవికి వైద్యం చేయడం సగం వైద్యమేనని ఆ అంకెలే చెప్పాయి.

మరి సైకియాట్రిస్టులే కరువైన చోట? జింబాబ్వేలో డాక్టర్ డిక్సన్ చిబాండా 2006లో ‘ఫ్రెండ్‌షిప్ బెంచ్’కు శ్రీకారం చుట్టారు. శిక్షణ పొందిన అవ్వలు క్లినిక్ ఆవరణలో చెక్క బెంచీ మీద కూర్చుని, వచ్చినవారి గోడు విని, కష్టాల్లో ఒకదాన్ని ఎంచుకుని దానికి దారి వెతుకుతారు. హరారేలోని 24 క్లినిక్‌లలో 573 మందితో జరిపిన అధ్యయన ఫలితాలు 2016లో వచ్చాయి. పాల్గొన్నవారిలో అత్యధికులు స్త్రీలు, చాలామందికి హెచ్‌ఐవి ఉంది. అవ్వల దగ్గరికి వెళ్లినవారిలో కుంగుబాటు స్పష్టంగా తగ్గింది.

భారతదేశంలో హెచ్‌ఐవిని తొలిసారి గుర్తించింది 1986లో, చెన్నైలో, సెక్స్ వర్కర్ల రక్త నమూనాల్లో. హెచ్‌ఐవిని అదుపులో ఉంచే ఏఆర్‌టి మందులను ఉచితంగా ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. తొలి విడత రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇక్కడ చాలామంది స్త్రీలకు విషయం తెలిసేది కడుపుతో ఉన్నప్పుడు చేసే పరీక్షలోనే. భర్తకన్నా ముందు తన ఫలితం బయటపడితే, నింద కూడా ఆమె మీదే పడుతుంది. 2018లో అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవి చట్టం అనుమతి లేకుండా పరీక్ష చేయడాన్ని, వివక్షను నిషేధించింది. ఇంట్లో మాటలను మాత్రం చట్టం ఆపలేదు. అందుకే హెచ్‌ఐవి పరీక్ష, సలహా కేంద్రంలోని (ఐసీటీసీ) కౌన్సెలర్ దిగులు గురించి కూడా విడిగా అడిగి తీరాలి.

హెచ్‌ఐవి సమాచారానికి 1097కు, మనసు బాగోలేనప్పుడు టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.